ఫాలో టెట్రాలజీలో చేత్తో కత్తిరించిన ఒంటి రెక్క వాల్వ్: కొలత, బల్ల మీది పరీక్ష, ఒక కేసు

పల్మనరీ ఆన్యులస్ (ఊపిరితిత్తులకు పోయే ధమని వాల్వ్ కూర్చునే వలయం) మరీ సన్నగా ఉన్న ఫాలో టెట్రాలజీ (పుట్టుకతో వచ్చే, ఒళ్లు నీలమయ్యే గుండె జబ్బు) పిల్లల్లో దాన్ని నిలువునా చీల్చి పైన ప్యాచ్ వేయక తప్పదు. అడ్డు తొలగుతుంది, దాంతోపాటే వాల్వూ పోతుంది. ఊపిరితిత్తులకు పంపిన రక్తంలో కొంత ప్రతిసారీ వెనక్కి వచ్చి పడుతుంది. అప్పటిదాకా ఒత్తిడితో కొట్లాడి దళసరెక్కి బిగుసుకుపోయిన కుడి జఠరిక మీద, సరిగ్గా ఆపరేషన్ అయిన రాత్రే ఈ కొత్త బరువు పడుతుంది. దీన్ని ఆపడానికి ప్యాచ్ కింద 0.1 మి.మీ. మందం పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్ పొరతో ఒకే ఒక రెక్క కుట్టడం మేము కనిపెట్టింది కాదు. అమెరికాలో ఇండియానాపొలిస్‌కు చెందిన టరెంటైన్, బ్రౌన్ బృందం దీన్ని బాగా వాడుకలోకి తెచ్చింది. ఇక్కడ కొత్తగా చేసిందల్లా రెండే: రెక్కను ఏ కొలతకు కత్తిరించాలో తేల్చే లెక్క, ఆ లెక్క సరైందో కాదో పిల్ల గుండె దగ్గరికి పోకముందే పొట్టేలు గుండె మీద చూసుకునే పద్ధతి.

ఈ రెక్క జీవితాంతం పనిచేసే వాల్వ్ కాదు. కొన్నేళ్లలో బిగుసుకుపోతుంది, లేదా ప్యాచ్‌కు అంటుకుపోతుంది. అలాంటప్పుడు ఇంత శ్రమ ఎందుకని తోటి సర్జన్లు అడుగుతారు. ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పని తాత్కాలికంగా చేసే యంత్రం) లేని, ఊపిరితిత్తుల నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ అడిగిన వెంటనే దొరకని ఐసీయూలో పనిచేసేవాళ్లకు మొదటి ఐదారు రోజులు ఎలా గడుస్తాయన్నదే అసలు లెక్క. ఆ రోజుల్లో వాల్వ్ ఉన్న జఠరికకూ లేని జఠరికకూ తేడా సీవీపీలో (గుండెకు చేరే పెద్ద సిరల్లోని ఒత్తిడి), మూత్రంలో, కాలేయం వాపులో కనపడుతుంది.

పేషెంటు

నాలుగేళ్ల పాప, బరువు 12.5 కిలోలు, ఎత్తు 96 సెం.మీ., శరీర వైశాల్యం 0.58 చదరపు మీటర్లు. కర్నూలు జిల్లా పడమటి మండలాల కూలి కుటుంబం. గుర్తుపట్టే వివరాలు తీసేశాం. ఏటా పత్తి, మిరప కోతలకు ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు సుగ్గికి పోతారు. పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం అంగన్‌వాడీకి వచ్చినప్పుడల్లా పిల్ల ఊళ్లో లేదు. మొదటి ఏడాదిలో జరగాల్సిన ఆపరేషన్ నాలుగో ఏటికి జరగడానికి పడమటి మండలాల్లో ఇది మామూలు కారణమే. "ఏడిస్తే నల్లబడతాది, రొంతసేపు నడిస్తే గొంతుక్కూసుంటాది" అని తల్లి చెప్పిన ఒక్క మాటలోనే రోగనిర్ధారణ మొత్తం ఉంది. గొంతుక్కూర్చుంటే కాళ్ల రక్తనాళాలు నొక్కుకుని శరీరంలో రక్తనిరోధం పెరుగుతుంది, వీఎస్‌డీ (రెండు జఠరికల మధ్య గోడలోని రంధ్రం) గుండా మహాధమనిలోకి జారిపోయే నల్లరక్తం తగ్గి ఊపిరితిత్తుల వైపు ఎక్కువ పోతుంది.

మామూలు గాలి పీలుస్తుండగా సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ నిండిన శాతం) 74 శాతం. హిమోగ్లోబిన్ 14.1. చాలామంది ఈ అంకె చూసి బాగుందనుకుని వదిలేస్తారు. 74 శాతం సాచురేషన్ ఉన్న పిల్లకు ఉండాల్సింది 17, 18. అంటే ఈ పాపకు రక్తహీనతే. ఎర్రకణాల సైజు చెప్పే ఎమ్‌సీవీ 66 మాత్రమే ఉండడంతో ఇనుము లోపమని తేలింది. ఇనుము తక్కువైన ఎర్రకణాలు గట్టిపడి సన్న నాళాల్లో సులువుగా వంగవు. ఊపిరాడని దాడులు ఎక్కువవుతాయి, మెదడులో గడ్డకట్టే ప్రమాదమూ పెరుగుతుంది. రోజుకు కిలోకు 3 మి.గ్రా. చొప్పున ఇనుము, వారం వారం హెమటోక్రిట్ చూసుకుంటూ ఆరు వారాలు ఇచ్చాం. హిమోగ్లోబిన్ 16.6కు వచ్చింది. దాంతోపాటు ప్రొప్రనలాల్ రోజుకు కిలోకు 2 మి.గ్రా., మూడు భాగాలుగా. ఎండాకాలం కావడంతో తల్లికి గట్టిగా చెప్పింది ఒకటే: వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో చూద్దాంలే అనుకోకూడదు. ఒంట్లో నీరు తగ్గితే ఈ పిల్లల రక్తం చిక్కబడిపోతుంది.

ఎకోలో పెద్ద వీఎస్‌డీ, మహాధమని దాని మీద సగం ఎక్కి కూర్చుని ఉంది. పల్మనరీ ఆన్యులస్ 7 మి.మీ.; ఈ ఒంటికి ఉండాల్సింది 13 నుంచి 14. జడ్ స్కోర్ (ఆ ఒంటికి ఉండే సగటు కొలత నుంచి ఎంత దూరమో చెప్పే అంకె) సుమారు మైనస్ 4. సీటీలో కుడి పల్మనరీ ధమని 8.5, ఎడమది 8, డయాఫ్రమ్ దగ్గర మహాధమని 9 మి.మీ. పల్మనరీ కొమ్మల సైజు చాలునా అని తేల్చే అంకెలు రెండు: మెగూన్ నిష్పత్తి 1.83, నకాటా సూచిక 185. కొమ్మలు బాగున్నాయి కాబట్టి షంట్ (ఊపిరితిత్తులకు రక్తం పంపే అదనపు దారి) వేసి ఆగాల్సిన పని లేదు, నేరుగా పూర్తి రిపేరే. ఆన్యులస్‌ను కాపాడుకునే ఆలోచన మైనస్ 2 దాకా చేస్తాం, మరీ అయితే మైనస్ 3. మైనస్ 4 దగ్గర అది పట్టుదలే తప్ప వైద్యం కాదు.

సీటీలో వెతకాల్సిన ముఖ్యమైన సంగతి ఇంకొకటి. ఎడమ ముందు కరోనరీ (గుండె కండకు రక్తమిచ్చే ధమని) కుడి కరోనరీ నుంచి పుట్టి జఠరిక మూతిని దాటుకుంటూ పోతుందేమో చూడాలి. ఇక్కడ అది సరైన చోటే పుట్టింది. కానీ పెద్ద కోనల్ కొమ్మ ఒకటి ఆన్యులస్‌కు 12 మి.మీ. కింద అడ్డంగా పోతోంది. అంటే జఠరిక మీద గాటు 10 మి.మీ. దాటకూడదు. రెక్క లోతును తేల్చింది ఈ కొమ్మే.

రెక్క కొలత

ప్యాచ్ ఎంత వెడల్పు వేస్తే రెక్కా అంత వెడల్పు చాలనుకోవడం తేలిగ్గా తోచే లెక్క. చాలాసార్లు దెబ్బతినేదీ దానివల్లే. రెక్క రెండు చివర్లూ గాటు అంచులకు కుట్టి ఉంటాయి. గుండె ముడుచుకున్నప్పుడు అది ముందుకు లేచి ప్యాచ్‌కు అతుక్కోవాలి. విప్పారినప్పుడు వెనక్కి వాలి పాత గోడకు అతుక్కోవాలి. కాబట్టి దాని స్వేచ్ఛా అంచు ప్యాచ్ వెడల్పుకూ, వెనక గోడ పొడవుకూ రెండింటికీ సరిపోవాలి. ఏది పెద్దదైతే దాన్ని తీసుకోవాలి.

ఈ పాప లెక్క: ఆన్యులస్ 7 మి.మీ. అంటే చుట్టుకొలత 22 మి.మీ. చీల్చాక అదంతా వెనక గోడ అవుతుంది. చేరాల్సిన సైజు 13 మి.మీ., చుట్టుకొలత 41. తేడా 19 మి.మీ., ప్యాచ్ వెడల్పు అదే. వెనక గోడ 22, ప్యాచ్ 19. రెక్కకు 22 తీసుకున్నాం. రెండు పక్కలా కుట్టుకు 1.5 మి.మీ. చొప్పున కలిపి కత్తిరించింది 25 మి.మీ. ప్యాచ్‌కూ అలాగే కలిపితే 22. అదే ఆన్యులస్ 5 మి.మీ. ఉండి ఉంటే వెనక గోడ 16, ప్యాచ్ 25. అప్పుడు 16కు కత్తిరిస్తే రెక్క వెనక్కి చక్కగా మూసుకుంటుంది, ముందుకు మాత్రం లేవదు. మూతికి అడ్డంగా బిగుసుకున్న తెరలా నిలబడి, తీసేసిన అడ్డునే మళ్లీ తెచ్చిపెడుతుంది. రెండు కొలతల మధ్య తేడా 5 మి.మీ. దాటితే మేము ఒంటి రెక్క వేయం. మిగులు మడతపడి ఏదో ఒక పక్క కారుతుంది.

లోతు విషయానికొస్తే, గాటు కింది మూల నుంచి ఆన్యులస్ దాకా 10 మి.మీ., దాన్ని దాటి పైకి ఇంకో 4. ఆ 4 మి.మీ. గోడను ఆనుకునే జాగా. అది లేకపోతే రెక్క మూసుకున్నట్టే కనపడుతుంది, ఒత్తిడి పడగానే అంచు కిందికి జారిపోతుంది.

ఆపరేషన్ బల్ల మీద ఈ కూడికలన్నీ చేయనవసరం లేదు. స్టెరైల్ కాగితం ముక్కను 13 నంబరు హెగార్ డైలేటర్ (నంబరే మి.మీ.లో వ్యాసమైన లోహపు కడ్డీ) చుట్టూ ఒక చుట్టు చుట్టి, అందులోంచి 7 నంబరు చుట్టుకొలతను తీసేస్తే మిగిలింది ప్యాచ్. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి పెద్దదాన్ని పొర మీద పరచి కత్తిరించాలి.

పొట్టేలు గుండె మీద పరీక్ష

రాయలసీమలో పొట్టేలు గుండెకు కొదవ లేదు. అయితే మటన్ అంగట్లో అలవాటు ప్రకారం గుండెను చీల్చి రక్తం కడిగి ఇస్తారు, పల్మనరీ ధమనిని మొదలంటా కోసేస్తారు. గుండె, ఊపిరితిత్తులు విడదీయకుండా, కత్తి పెట్టకుండా ఇవ్వమని ముందురోజే చెప్పి పెట్టుకోవాలి. ఐసులో తెచ్చి అదే రోజు వాడాలి. ఫ్రీజరులో పెట్టి కరిగించినవి కుట్టు సాధనకు పనికొస్తాయి గానీ గోడ మెత్తబడి ఉంటుంది, కారుడు అంకెలను నమ్మలేం.

పొట్టేలు ఆన్యులస్ పెద్దది, పైగా ఆరోగ్యమైనది. బయటి నుంచి సంచి మూతి కుట్టు వేసి 7 నంబరు హెగార్ మాత్రమే పట్టేలా బిగించాక గాటు, రెక్క, ప్యాచ్ మామూలుగా చేస్తాం. తర్వాత ఒక పల్మనరీ కొమ్మను కట్టేసి రెండోదానికి గొట్టం బిగించి, సెలైన్ మట్టం వాల్వ్‌కు 20 సెం.మీ. పైన ఉండేలా తగిలిస్తాం. అది సుమారు 15 మి.మీ. పాదరసం, అంటే పల్మనరీ ధమని డయాస్టోలిక్ ఒత్తిడికి కాస్త పైనే. జఠరిక కొనను కోసి కింద కొలజాడీ పెడితే నిమిషానికి ఎంత కారుతుందో తెలుస్తుంది. 50 మి.లీ. లోపు ఉంటే ఒప్పుకుంటాం. ఎక్కువ కారితే సెలైన్‌లో రెండు చుక్కల మిథిలీన్ బ్లూ వేసి నీలం ఎటు నుంచి దిగుతుందో చూస్తాం. ఆ తర్వాత కొన వైపు నుంచి 13 నంబరు హెగార్ తోసి చూస్తాం. అది తడబడకుండా పోవాలి. కారుడు లేదు గదా అని ఈ రెండో పరీక్ష మానేస్తే, మూసుకునే వాల్వ్ పేరుతో అడ్డును కుట్టినట్టవుతుంది.

నీలం నడిమధ్య నుంచి దిగితే స్వేచ్ఛా అంచు పొట్టిదైనట్టు. ఒక పక్క నుంచే దిగితే రెండు అంచుల కుట్లు ఒకే ఎత్తున ఆగలేదని అర్థం, 2 మి.మీ. తేడా చాలు. అంచు పొడవు సరిపోయినా కారుతుంటే తరచూ కారణం రెక్కలో ఉండదు, వెనక గోడలో ఉంటుంది. అక్కడ కండ పట్టీ గానీ మందమైన పాత వాల్వ్ ముక్క గానీ ఉబ్బెత్తుగా మిగిలిపోతే రెక్క దాని మీద ఆనుకుని రెండు పక్కలా సందు వదులుతుంది. రెక్క ఎంత బాగా కత్తిరించినా, కింద కండ సరిగా తీయకపోతే దండగే. కుట్టేటప్పుడు పొరను పళ్ల ఫోర్సెప్స్‌తో పట్టుకోకూడదు, నలిగిన గీత వెంబడే అది మడతపడటం నేర్చుకుంటుంది. సూది కూడా సన్నదే కావాలి, పీటీఎఫ్ఈలో సూది రంధ్రం పూడదు.

ఈ పరీక్ష ఫలితాన్ని మరీ నమ్మకూడదు కూడా. కదలని గుండె మీద నిలకడ నీటిలో బాగా మూసుకున్న రెక్క, మెలితిరుగుతూ కొట్టుకునే గుండెలో అంతే బాగా మూసుకుంటుందని లేదు. తప్పుడు కొలతను ముందే పట్టుకోవడమే దీని పని.

బల్ల మీద తేల్చుకుని బిడ్డ దగ్గరికి పోవడం ఈ జబ్బు చరిత్రలో మొదటి నుంచీ ఉన్న క్రమమే. 1944 నవంబర్ 29న అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో మొదటి షంట్ వేసింది సర్జన్ బ్లాలాక్. ఆ కుట్టును అంతకుముందు కుక్కల మీద సాధించింది ఆయన ప్రయోగశాల సహాయకుడు వివియన్ థామస్, ఆ రోజు బ్లాలాక్ వెనక స్టూలు మీద నిలబడి దారి చెప్పిందీ ఆయనే. పదేళ్లకు, 1954 ఆగస్టు 31న, మిన్నెసోటాలో సర్జన్ లిల్లెహై ఇదే జబ్బుకు మొదటిసారి గుండె లోపలి రిపేరు చేశాడు.

అనుమతి, ఒప్పుకోలు

పొర మార్కెట్లో అనుమతి ఉన్నదే, ఆపరేషన్ పుస్తకాల్లో ఉన్నదే. అయినా కొలత పద్ధతి మాది కాబట్టి సంస్థ ఎథిక్స్ కమిటీకి ముందే పెట్టాం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల ఒప్పుకోలు తెలుగులో, చదివి వినిపించి తీసుకున్నాం. పాపది అసెంట్ (పిల్లల సొంత సమ్మతి) అడిగే వయసు కాదు. తండ్రి అడిగింది ఒకే ప్రశ్న: "ఈ వాల్వు ఎన్నేండ్లు వస్తాది సార్?" జవాబు కాగితంలో రాసే ఉంది: కొన్నేళ్లే రావొచ్చు, పెద్దయ్యాక ఇంకో వాల్వ్ పెట్టాల్సి రావొచ్చు, ఏటా చూపించుకోవాలి. ఒప్పుకోలు పత్రంలో ఈ మాటను మెత్తగా రాసి తప్పించుకోకూడదు.

ఆపరేషన్

మిడ్‌లైన్ స్టెర్నాటమీ. ముందుగా పెరికార్డియం 4 సెం.మీ. పొడవు తీసి 0.6 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో 10 నిమిషాలు ఉంచి, సెలైన్‌లో మూడుసార్లు కడిగి పక్కన పెట్టాం; బయటి ప్యాచ్‌కు అదే. హెపారిన్ కిలోకు 400 యూనిట్లు, ఏసీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) 480 సెకన్లు దాటాక బైపాస్ (గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం), 30 డిగ్రీలు. గుండెను ఆపి కాపాడే డెల్ నీడో కార్డియోప్లీజియా ద్రావణం కిలోకు 20 మి.లీ., అంటే 250 మి.లీ., నాలుగు పాళ్ల ద్రావణానికి ఒక పాలు రక్తం. నాలుగేళ్లు నీలంగా ఉన్న పిల్లలో కొలాటరల్ (పక్కదారి) నాళాలు బాగా పెరిగి ఉంటాయి, వాటి రక్తం ఎడమ వైపు నిండి గుండెను వేడెక్కిస్తుంది. కుడి పై పల్మనరీ సిర నుంచి వెంట్ (రక్తం తోడే గొట్టం) వేయకుండా మొదలుపెట్టకూడదు.

కుడి కర్ణిక నుంచి కండ తీత. పెరైటల్, సెప్టల్ పట్టీలను మొదలంటా తీశాం, మోడరేటర్ బ్యాండ్‌ను ముట్టలేదు. వీఎస్‌డీకి డేక్రాన్ ప్యాచ్, 5-0 ప్రోలీన్. వెనక కింది మూలలో విద్యుత్ వాహక కట్ట పోతుంది, అక్కడ అంచుకు 4, 5 మి.మీ. దూరంగా, కుడి జఠరిక వైపే, లోతు లేకుండా కుట్లు. ఆ తర్వాతే పల్మనరీ ధమనిని తెరిచి గాటును ఆన్యులస్ గుండా కిందికి 10 మి.మీ. దించాం. మందమైన పాత వాల్వ్ ముక్కలను తీసేశాం. రెక్కను గాటు కింది మూల నుంచి మొదలుపెట్టి 6-0 ప్రోలీన్‌తో ఒక పక్క ఆన్యులస్ దాకా, మళ్లీ మూల నుంచి రెండో పక్క. రెండు కుట్లూ ఒకే ఎత్తున ఆగాయో లేదో ముడి వేయకముందే చూడాలి, వేశాక చూసి లాభం లేదు. కొట్టుకోని గుండెలోనే సిరంజితో ధమనిలోకి సెలైన్ వదిలి రెక్క వాలడం చూసి, పెరికార్డియం ప్యాచ్ మూసేశాం. కర్ణికల మధ్య 4 మి.మీ. రంధ్రం కావాలనే వదిలాం. కుడి జఠరిక మొండికేస్తే రక్తం ఎడమకు దారి తీసుకుంటుంది, సాచురేషన్ కాస్త తగ్గినా బీపీ నిలబడుతుంది.

బైపాస్ దిగాక సూదితో కొలిస్తే కుడి జఠరిక 42, శరీర బీపీ 88, నిష్పత్తి 0.48. 0.7 దాటితే మళ్లీ బైపాస్ ఎక్కి కారణం వెతకాల్సిందే. ఎకోలో రెక్క రెండు వైపులా కదులుతోంది, వెనక్కి కారుడు నామమాత్రం, మూతి దగ్గర తేడా 16 మి.మీ. పాదరసం.

ఐసీయూ, తర్వాత

పాప గుండెకు బలమిచ్చే మందులు మిల్రినోన్ 0.5, అడ్రినలిన్ 0.03 మైక్రోగ్రాములతో (కిలోకు, నిమిషానికి) వచ్చింది. సీవీపీ 10, 11 మధ్య నిలిచింది. మొదటి రాత్రి జ్వరం 38.1కి ఎక్కగానే జంక్షనల్ టాకీకార్డియా (కర్ణిక, జఠరికల మధ్య కూడలి నుంచి పుట్టే వేగపు లయ), నిమిషానికి 174. ఈ ఆపరేషన్‌లో ఇది ఎదురుచూడాల్సిన అతిథే. కండ తీసిన చోటి వాపు, కర్ణిక గుండా లాగడం, అడ్రినలిన్, జ్వరం, అన్నీ కలిసి తెస్తాయి. ఒంటిని 35 డిగ్రీలకు చల్లబరిచి, అడ్రినలిన్ ఆపి, మెగ్నీషియం ఇచ్చి, అమియోడరోన్ కిలోకు 5 మి.గ్రా. గంటసేపు ఎక్కించాం. రేటు 150 కిందికి దిగాక కర్ణిక పేసింగ్ వైర్లతో దానికంటే పైరేటున నడిపితే బీపీ 15 పెరిగింది. వైర్లు వేయని రోజే వాటి అవసరం వస్తుంది, కాబట్టి అందరికీ వేస్తాం. మూడో రోజు ట్యూబు తీశాం, ఎడమ ప్లూరల్ నీరు ఐదో రోజుకు ఆగింది. ఆస్పిరిన్ కిలోకు 3 మి.గ్రా. ఆరు నెలలు, ప్యాచ్‌కూ రెక్కకూ మధ్య జేబులో రక్తం నిలిచి గడ్డకట్టి రెక్క అంటుకుపోకుండా.

ఆరో నెల ఎకోలో కారుడు స్వల్పం, సాచురేషన్ 98. ఏడాదికి కారుడు మధ్యస్థం. రెక్క ఎడమ సగం కదలిక తగ్గింది, కుడి సగం బాగానే ఉంది. కుడి జఠరిక పెద్దది కాలేదు, పాప బరువు 15.5 కిలోలు. రెక్క వెనకబడుతోందన్నది నిజమే, అది అనుకున్నదే. పదేళ్లు దాటాక ఎమ్మారై తీసి, కుడి జఠరిక డయాస్టోలిక్ పరిమాణం చదరపు మీటరుకు 150 మి.లీ. దాటితే వాల్వ్ మార్పిడి గురించి మాట్లాడతాం.

ఇక ఈ ఆపరేషన్ వద్దనేది ఎవరికంటే: నకాటా 100 లోపు ఉన్నవాళ్లకు, ఎడమ ముందు కరోనరీ మూతిని దాటేవాళ్లకు, ఆన్యులస్ మైనస్ 2కు పైన ఉండి కాపాడుకోదగ్గవాళ్లకు. ఫాలోఅప్ తేదీలను సుగ్గి కాలానికి ముందు, తర్వాత పడేలా రాస్తున్నాం. సంక్రాంతి తర్వాత తేదీ ఇస్తే పడమటి మండలాల నుంచి ఎవరూ రారు.